ఆ నల్లచుక్క ఏమైంది?

మా చిన్నాయన పోయినేడాది రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బుతో హైదరాబాద్‌లో ఓ ఫ్లాట్ కొనుక్కోవాలన్నది ఆయన కోరిక. కొడుకు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి దగ్గరగా ఉండాలి, ధర మరీ ఆకాశంలో ఉండకూడదు, చిన్నమ్మ మోకాళ్లకు లిఫ్టు తప్పనిసరి. ఈ మూడూ కుదిరే చోటు వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి హఫీజ్‌పేట్‌లో తేలారు. రెండు లక్షలు టోకెన్ అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. "పేపర్ల పనిజేస్తవు గదా, నువ్వొకపారి వచ్చి చూడు" అని పిలిస్తే ఆదివారం పూట నేనూ వెళ్లాను.

ఫ్లాట్ బాగుంది. గాలి, వెలుతురు పుష్కలం. బాల్కనీలో నిలబడితే దూరంగా ఎంఎంటీఎస్ రైలు కనిపిస్తోంది. అన్నీ చూశాక చిన్నాయన మధ్యవర్తిని అసలు ప్రశ్న అడిగాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాళ్లెవరైనా అడిగే ప్రశ్నే అది. "ఈడ చెరువు గిరువు ఏమన్న ఉండెనా బాబూ?"

ఆ కుర్రాడు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. వెంటనే ఫోను తీసి చూపించాడు.

"చూడండి సార్. పదిహేనేళ్ల కిందటి శాటిలైట్ ఫొటో. బోసి నేల, నాలుగు తుమ్మచెట్లు. చెరువెక్కడుంది?"

నిజమే. ఎంత వెతికినా చుక్క నీళ్లు కనబడలేదు. చిన్నాయన మొహం వెలిగిపోయింది. నేనూ తలూపాను. ఫొటో అబద్ధం చెప్పదు కదా!

అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న చిన్నమ్మ, ఆ ఫోను ఇటివ్వమంది. కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసింది.

"ఈ ఫొటో ఏ నెలల తీసిండ్రు బాబూ?"

కుర్రాడు తడబడ్డాడు. తెర అడుగున చిన్న అక్షరాల్లో తేదీ ఉంది. మే నెల.

"మే నెలల మా ఊరి చెరువు గూడ గిట్లనే ఉంటది. పిలగాండ్లు అండ్ల క్రికెట్ ఆడుకుంటరు. బతుకమ్మ పండుగప్పటి ఫొటో ఉంటే చూపియ్యి."

ఈ వారం కథంతా చిన్నమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న గురించే.

దొరికిన మూడు ఫొటోలు

ఆ రాత్రి తమ్ముడి ల్యాప్‌టాప్ ముందు అందరం చేరాం. గూగుల్ ఎర్త్‌లో ఒక సదుపాయం ఉంది. ఒకే చోటుకు సంబంధించిన పాత ఫొటోలను ఏడాదివారీగా వెనక్కి జరుపుకుంటూ చూడొచ్చు. వేసవివి బోలెడు ఉన్నాయి. వానలు వెలిసిన అక్టోబరు, నవంబరు నెలలవి మాత్రం మూడే దొరికాయి. మూడింటిలోనూ సరిగ్గా అదేచోట చింతగింజ ఆకారంలో ఒక నల్లచుక్క! ఒక ఏడాది పెద్దగా, ఒక ఏడాది చిన్నగా ఉంది గానీ చోటు మాత్రం మారలేదు. ఆ తర్వాతి ఏళ్లలో దాని అంచున మట్టికుప్పలు. ఇంకా ముందుకొస్తే నీలం రేకుల షెడ్డు. ఆపైన పునాది గుంతలు. చివరికి పొద్దున మేం చూసొచ్చిన అపార్ట్‌మెంటు.

వేసవి ఫొటోలే ఎక్కువ ఉండటంలో కుట్రేమీ లేదు. మామూలు ఉపగ్రహ కెమెరా మన కన్ను లాంటిదే. మబ్బు అడ్డొస్తే దానికి నేల కనబడదు. వానాకాలమంతా మన మీద మబ్బులే కాబట్టి ఆకాశం తేటగా ఉండే నెలల్లోనే మంచి ఫొటోలు పడతాయి. చెరువులు ఎండిపోయే నెలలు కూడా అవే! మబ్బుల్లోంచి కూడా చూడగలిగే రాడార్ ఉపగ్రహాలు వేరే ఉన్నాయి. 2012లో మన ఇస్రో పంపిన రీశాట్-1, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉమ్మడి ఉపగ్రహం నైసార్ ఆ కోవలోవే. వరదల్లో ఏ ఊళ్లు మునిగాయో అప్పటికప్పుడు పటం గీసేది ఇలాంటివాటి సాయంతోనే. కాకపోతే ఫోనులో తెరిచి చూసుకోవడానికి మనలాంటివాళ్లకు సులువుగా దొరికేవి మామూలు ఫొటోలే. కాబట్టి ఏ నెలదో చూసుకోవాల్సిందే.

పావురం రొమ్ము మీద కెమెరా

పైనుంచి నేలను చూడాలన్న తపన మనిషికి ఈనాటిది కాదు. 1858లో నాదార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ బెలూన్ ఎక్కి పారిస్ శివార్లను ఫొటో తీశాడు. ఆ ఫొటోలు ఇప్పుడు లేవు. 1860లో అమెరికాలోని బోస్టన్ నగరాన్ని బెలూన్ నుంచి తీసిన ఫొటోనే ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో పాతది. 1908లో జర్మనీకి చెందిన జూలియస్ నాయ్‌బ్రొనర్ అయితే పావురం రొమ్ముకే చిన్న కెమెరా కట్టి వదిలాడు! ఆయన వృత్తి ఏమిటో తెలుసా? మందుల తయారీ. తర్వాత విమానాలొచ్చాయి. యుద్ధాలొచ్చాయి. శత్రువు కందకాలు వెతకడానికి నేర్చిన విద్యే తర్వాత పొలాలూ అడవులూ కొలవడానికి పనికొచ్చింది.

విమానం నుంచి తీసే ఫొటోల్లో ఒక చమత్కారం ఉంది. ఒక ఫొటోలో ఉన్న నేలలో 60 శాతం దాకా పక్క ఫొటోలోనూ పడేలా తీస్తారు. ఆ రెండింటినీ స్టీరియోస్కోపు కింద పెట్టి చూస్తే గుట్ట గుట్టలా పైకి లేస్తుంది, వాగు లోతుగా దిగుతుంది. మన రెండు కళ్లూ చేసే పనే ఇది. ఎత్తుపల్లాలు తెలిస్తే నీళ్లు ఎటు పారతాయో తెలుస్తుంది. ఇల్లు కట్టుకునేవాడికి అంతకంటే కావాల్సిందేముంది?

మన దేశంలో ఈ విద్యకు కొబ్బరికాయ కొట్టింది నిజంగా కొబ్బరిచెట్టే! 1970లో కేరళలో కొబ్బరి తోటలకు వేరుకుళ్లు తెగులు సోకితే ప్రొఫెసర్ పిషారోటి బృందం హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో ఫొటోలు తీసింది. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. తెగులు సోకితే ఆ కాంతి తగ్గిపోతుంది. అందుకే ఇలాంటి ఫొటోల్లో పచ్చటి చెట్లు ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపిస్తాయి. సిమెంటు కట్టడాలు నీలం కలిసిన బూడిద రంగులో ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు పొలాలను చూసి మంటలనుకుంటారు.

పొరుగునే ఆకాశ కన్ను

ఇంతకీ ఈ విద్యకు మన దేశంలో పెద్దబడి ఎక్కడుందో తెలుసా? హఫీజ్‌పేట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బాలానగర్‌లో! 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 2008 సెప్టెంబరులో ఇస్రోలో కలిసి ఎన్‌ఆర్‌ఎస్‌సీ అయింది. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే దాని కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. దేశంలో ఎక్కడ అడవి తగ్గింది, ఎక్కడ బీడు పెరిగింది, ఎక్కడ వరి నాటారు, ఎక్కడ ఊరు పెరిగింది... ఈ లెక్కలన్నీ తయారయ్యేది అక్కడే. 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాలకు దేశమంతటి భూవినియోగ పటాలు అది తయారుచేసింది. పక్కపక్కన పెట్టుకుంటే దేశం ఎటు పోతోందో కళ్లకు కడుతుంది.

విచిత్రమేమిటంటే, ఆ కన్నుకు పొరుగునే ఉన్న మన పడమటి శివారే అంతలోనే గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. 1980ల నాటి చిత్రాల్లో ఈ ప్రాంతమంతా రాళ్లగుట్టలు, తుమ్మలు, చెరువులు, వాటి కింద పొలాలు, అక్కడో ఊరు ఇక్కడో ఊరు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో 52 చదరపు కిలోమీటర్ల పరిధితో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ వచ్చింది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైలు మొదలై హఫీజ్‌పేట్‌లోనూ ఆగింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో మియాపూర్‌కు మెట్రో వచ్చింది. ఈ తేదీలన్నీ పేపర్లో వచ్చిన వార్తలే. వాటికి పై నుంచి తీసిన ఫొటోలు జతచేసి వరసగా తిప్పుతూ చూడండి. ఎర్రమచ్చలు ఒక్కొక్కటే ఆరిపోయి బూడిద రంగు పరుచుకుంటుంది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ లాంటివి నాలుగు ఎర్రబొట్లు మిగులుతాయి.

ఒక్క చుక్క ఎన్ని గజాలు?

ఉపగ్రహ చిత్రమంటే చుక్కల ముగ్గే. ఒక్కో చుక్క నేల మీద ఎంత మేర ఆక్రమిస్తుందన్న దాన్నిబట్టి చిత్రం ఎంత స్పష్టంగా ఉందో చెబుతారు. దాన్ని మన గజాల్లోకి మార్చి చూద్దాం.

1972లో అమెరికా పంపిన తొలి ల్యాండ్‌శాట్‌లో ఒక్క చుక్క దాదాపు 80 మీటర్లు. అంటే ఎకరంన్నర! అందులో మన కుంట కనబడితే అదృష్టమే. 1984లో వెళ్లిన ల్యాండ్‌శాట్-5లో అది 30 మీటర్లకు తగ్గింది. అంటే సుమారు తొమ్మిది గుంటలు. 1995లో మన ఐఆర్‌ఎస్-1సి తీసిన నలుపు తెలుపు చిత్రాల్లో 5.8 మీటర్లు, అంటే నలభై గజాల జాగా. ఒక రేకుల ఇల్లన్నమాట. 2005లో కార్టోశాట్-1 రెండున్నర మీటర్లకు దించింది. ఏడున్నర గజాలు. 2019 నవంబరులో వెళ్లిన కార్టోశాట్-3లో ఒక్క చుక్క అడుగు కంటే కాస్త తక్కువే!

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1980ల నాటి చిత్రంలో చిన్న కుంట కనబడలేదంటే అక్కడ కుంట లేదని కాదు. చుక్క పెద్దదైపోయి కుంట అందులో కలిసిపోయి ఉండొచ్చు. పాత రోజుల సంగతి తేల్చుకోవాలంటే సర్వే ఆఫ్ ఇండియా టోపో పటాలు, రెవెన్యూ వాళ్ల గ్రామ నక్షాలు దగ్గర పెట్టుకోవాలి. చెరువు పక్కన సర్వే నంబరు మీద 'శిఖం' అన్న మాట ఉందంటే అది నీళ్లు నిలిచే నేల అని అర్థం.

నక్షాను ఫొటో మీద పరవడం ఎలా? రెండింట్లోనూ కదలకుండా ఉన్న గుర్తులు పట్టుకోవాలి. గుడి, దర్గా, పెద్దబాట. హఫీజ్‌పేట్‌కు అంతకంటే గట్టి గుర్తు ఒకటుంది... రైలు పట్టాలు! 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ వైపు నిజాం వేయించిన మార్గమే ఇది. ఊరు మారింది, పేర్లు మారాయి, పక్కన మరో లైను పడింది. దారి మాత్రం అదే. అలాంటి గుర్తులు నాలుగు కలిస్తే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాగితం నక్షా ఫొటో మీద దుప్పటిలా పరుచుకుంటుంది. మా తమ్ముడు ఒక రాత్రంతా కూర్చుని ఈ పని చేశాడు. నల్లచుక్క సరిగ్గా శిఖం అని ఉన్న గడిలో పడింది. దాని అంచు అపార్ట్‌మెంటు పార్కింగు మీదుగా పోయింది.

నేల మీద నిజం

అయితే ఫొటోను గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. కంప్యూటరు ఒక్కో చుక్క రంగు చూసి ఇది పొలం, ఇది నీరు, ఇది కట్టడం అని విడదీస్తుంది. మన దక్కనులో అది తరచూ బోల్తా పడుతుంది. బోడిగుట్ట బండ, సిమెంటు డాబా దానికి ఒకేలా కనిపిస్తాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు దానికి పచ్చటి పొలం! అందుకే ఈ రంగంలో వాళ్లు చిత్రం చూశాక నేల మీదకు దిగి సరిచూసుకుంటారు. దాన్ని 'గ్రౌండ్ ట్రూత్' అంటారు. నేల మీద నిజం.

నేనూ దిగాను. మర్నాడు పొద్దున స్టేషను దగ్గరి టీకొట్లో ఓ పెద్దాయన దొరికాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఫొటో చూపించాను. ఫోను అటూ ఇటూ తిప్పి, పట్టాలెటో చూసుకుని, నల్లచుక్క మీద వేలు పెట్టాడు.

"గీడ కుంట ఉండె బిడ్డా. పెద్దదేం గాదు. నిండితే అలుగు దుంకి గటు పోయేది. దీని కింద మాకు అర్ధెకరం వరి ఉండె."

"మరి ఎవరు పూడ్చారు తాతా?"

"ఎవ్వలని చెప్పాలె? ఇండ్లు గట్టెటోళ్ల మట్టి, కూలగొట్టెటోళ్ల మట్టి. ఒక్కదినంల పూడలే. లారీ మీద లారీ."

కాసేపు టీ ఊదుకుంటూ కూర్చుని తనే మళ్లీ అన్నాడు. "మా అర్ధెకరం గూడ అమ్ముకున్న. బిడ్డ పెండ్లికి. అందరు అమ్మినంక ఆ కుంట ఎవ్వలకు గావాలె? తూము ఎత్తెటోడు లేడు, కట్ట మీద మట్టి పోసెటోడు లేడు."

నా దగ్గరున్న ఫొటోలన్నీ కలిపినా చెప్పలేని మాట అది. చెరువు ముందు పోలేదు. ముందు చెరువు కింది పొలం పోయింది. పొలం పోయాక చెరువును కాచుకునే మనిషి పోయాడు. కాచుకునేవాడు లేని నీళ్లు ఎంతకాలం నిలుస్తాయి? ఏం మారిందో, ఎప్పుడు మారిందో ఫొటో చెబుతుంది. ఎందుకు మారిందో టీకొట్టు చెబుతుంది. రెండూ కావాలి.

పెద్దాయన ఇంకోటి చూపించాడు. అపార్ట్‌మెంటు వెనక రోడ్డు కారణమేమీ లేకుండా విల్లులా వంగి ఉంటుంది. "గదే కట్ట" అన్నాడు. పైనుంచి చూస్తే ఆ వంపు ఇంకా స్పష్టం. కొత్తగా వేసిన లేఅవుట్ల రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మధ్యలో ఒక రోడ్డు మాత్రం వంగి ఉంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అది పాత చెరువు కట్ట కావచ్చు.

నీళ్లు మరిచిపోవు

ఇదంతా పాత ముచ్చట్ల మీద మమకారం కాదు. మన చెరువులు గొలుసుకట్టు. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండాలి. మధ్యలో ఒక కొలికి తెంపితే ఆ నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరు వరదప్పుడు 19 సెంటీమీటర్లు. వాన 2000లోనే ఎక్కువ. కానీ 2020 నాటికి ఆ నీళ్లు ఇంకడానికి, ఆగడానికి మిగిలిన నేల ఎంత? రెండేళ్ల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే జవాబు దొరుకుతుంది.

2024 జులైలో ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసింది. చెరువుల హద్దులు తేల్చడానికి అది పాత ఉపగ్రహ చిత్రాలు, సర్వే పటాలు ముందు పెట్టుకుంది. ఆ ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఒక పెద్ద కన్వెన్షన్ సెంటర్‌ను, సెప్టెంబరులో సున్నం చెరువు దగ్గర కట్టడాలను కూల్చేసింది. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు రిజిస్ట్రేషన్ కాగితాలు చేత పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఏడ్చారు. సెలవు రోజుల్లో కూల్చడమేమిటని హైకోర్టు నిలదీసింది. ఇక్కడే అసలు చిక్కుంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఫొటో చెప్పగలదు. ఆ నేల ఎవరిదో చెప్పలేదు. శిఖంలో పట్టాలున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర మోసపోయి కొన్నవాళ్లూ ఉన్నారు. పట్టా ఉన్నంత మాత్రాన నీళ్లు రాకుండా పోవు. నీళ్లు వచ్చాయన్నంత మాత్రాన కొన్నవాడు దొంగా కాడు.

కొల్లేరులోనూ ఇదే పాఠం. 1967 నాటి టోపో పటాల్లో చేపల చెరువుల జాడ లేదు. 2004 నాటి ఉపగ్రహ చిత్రాలతో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క తీస్తే సరస్సులో దాదాపు 40 శాతం చేపల చెరువులే. తర్వాత 2005-06లో గట్లు పేల్చారు. ఆకాశం నుంచి చూస్తే అవి చేపల చెరువులు. దగ్గరికెళితే వాటి మీద బతికిన పల్లెలు.

ఇక హఫీజ్‌పేట్‌కు దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలోని కంచ గచ్చిబౌలి సంగతి అందరికీ తెలిసిందే. 2025 ఉగాది, రంజాన్ సెలవుల్లో అక్కడి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. పైనుంచి తీసిన ఫొటోలు, వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయమంది. ఎంత మేర చెట్లు కొట్టారు, అవి ఎంత దట్టమైన చెట్లు అన్న లెక్కకు ఉపగ్రహ చిత్రాలే ఆధారమయ్యాయి. అయితే అదే వారంలో కృత్రిమ మేధతో తయారుచేసిన దొంగ బొమ్మలు కూడా తిరిగాయి. వాటిమీద పోలీసు కేసులయ్యాయి. ఫొటో సాక్షే. కానీ సాక్షిని కూడా ఎవరివని, ఏ రోజు చూశావని అడగాల్సిన రోజులివి.

మీరూ చూడొచ్చు

ఇల్లు కొనాలనుకుంటున్నారా? లాయరు దగ్గరికి వెళ్లకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఈ పని చేయండి. పిల్లలకు సరదా, మీకు భరోసా.

గూగుల్ ఎర్త్ తెరిచి మీ చోటు దగ్గర గడియారం గుర్తు నొక్కండి. పాత ఫొటోలొస్తాయి. తేదీ తప్పకుండా చూడండి. సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్యవే నమ్మండి. ఒక్క ఫొటోతో సరిపెట్టుకోవద్దు. ఒక్క ఏడాది కనబడితే వాననీటి మడుగు కావచ్చు. మూడేళ్లు అదేచోట కనబడితే అది కుంట. ఇంకా వెనక్కి వెళ్లాలంటే అందులోనే టైమ్‌ల్యాప్స్ ఉంది. 1984 నుంచి చూపిస్తుంది. చిత్రం మసకే గానీ కథ తెలుస్తుంది. 2009లో ఇస్రో తెచ్చిన భువన్ పోర్టల్‌లో భూవినియోగ పటాలు ఉచితంగా చూడొచ్చు.

తర్వాత హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మీ గ్రామం చెరువుల పటాలు వెతకండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వచ్చే గీతే ఎఫ్‌టీఎల్. దానిపైన పాతిక ఎకరాలు, అంటే పది హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి, కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన. సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర చూసుకోండి. చివరగా ఆ వీధిలో టీ తాగండి. తెల్లజుట్టు ఉన్నవాళ్ల పక్కన కూర్చుని తాగండి.

ఇంతా చేసి అనుమానం తీరకపోతే లైసెన్సున్న సర్వేయరును పిలవండి. ఆయనకిచ్చే ఫీజు మీరు పోగొట్టుకోబోయే దాంట్లో లెక్కలోకి కూడా రాదు.

ఇంతకీ మా చిన్నాయన ఏం చేశాడు? రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఫ్లాట్ మీద ఆయన మనసు పడిపోయింది. "ఇన్ని అపార్ట్‌మెంట్లున్నయి, అందరు పిచ్చోళ్లా?" అన్నాడు. "బ్యాంకోళ్లు లోను ఇస్తమంటున్నరు గదా" అన్నాడు. చిన్నమ్మ వాదించలేదు. మూడు ఫొటోలూ ప్రింటు తీయించి ఆయన చదివే పేపరు మడతలో పెట్టింది. మూడో రోజు ఆయనే ఫోను చేసి వద్దని చెప్పాడు. టోకెన్‌లో సగమే తిరిగొచ్చింది. లక్ష పోయిందని ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు.

మొన్న ఆ దారిన వెళ్తూ చూశాను. అదే ఫ్లాట్. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. లోపల వ్రతం జరుగుతున్నట్టుంది, కింద పార్కింగులో వంటవాళ్లు గాడిపొయ్యి పెట్టి పులిహోర కలుపుతున్నారు. ఓ చిన్నపిల్ల పట్టులంగా ఎత్తిపట్టుకుని అటూ ఇటూ పరిగెడుతోంది.

చిన్నమ్మకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"వాళ్ల ఇంట్ల ఏ నెల ఫొటో అని అడిగెటోళ్లు లేరా?" అంది చివరికి.

ఎవరో ఒకరు అడగాలనే ఈ వారం ఇది రాశాను.